విరమణ తేదీ ముందే తెలుసు, భర్తీకే తాత్సారం



ఖరీఫ్ వస్తే చాలు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల రైతులు కాలువల మీద తూములు ఎత్తి దించే లస్కర్లు చాలడం లేదని మొరపెట్టుకుంటారు. ఈ కొరత ఉన్నట్టుండి వచ్చిపడింది కాదు. ఉద్యోగి ఎప్పుడు దిగిపోతాడో సర్వీసు రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది. 2022 జనవరి నుంచి రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 62కు పెరగడంతో రెండేళ్లపాటు విరమణలు దాదాపు ఆగాయి, 2024లో మళ్లీ మొదలయ్యాయి. ఆ రెండేళ్లు కొత్తవారిని తీసుకుని తర్ఫీదు ఇవ్వడానికి అందివచ్చిన గడువు. ఏ శాఖైనా విరమణల పట్టికను ముందు పెట్టుకుని నియామకాలు మొదలుపెట్టాలి తప్ప కుర్చీ ఖాళీ అయ్యాక ఫైలు కదిపితే లాభం లేదు.

సీజనుకు తాత్కాలికంగా మనుషుల్ని పెట్టుకుంటే సరిపోదా అని కొందరంటారు. సరిపోదు. ఈ ప్రాంతాలకు నీరిచ్చే కృష్ణా పశ్చిమ డెల్టా ఆయకట్టు సుమారు 5.7 లక్షల ఎకరాలు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు శివారు చేలకు ఎప్పటికి చేరుతుందో, ఏ తూము షట్టరు మొరాయిస్తుందో, కట్టకు ఎక్కడ ఎండ్రకాయల బొరియలు పడి నీరు ఊరుతుందో కాలువ వెంట ఏళ్ల తరబడి తిరిగినవారికే తెలుస్తుంది. నాలుగు నెలలకు వచ్చి పోయే మనిషికి ఆ ఎరుక అబ్బేలోగా పైరు పొట్ట దశకు వస్తుంది. ఎగువన తూము వేళకు దించకపోతే ఎండేది రేపల్లె, నిజాంపట్నం వైపు శివారు పొలాలే. సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతులకు భాగం కల్పించిన 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలు చూసుకోవచ్చన్నది మరో వాదన. సంఘాలు పర్యవేక్షించగలవు, వంతులు తేల్చగలవు. అర్ధరాత్రి వానలో షట్టరు ఎత్తాల్సిన బాధ్యతను మాత్రం జీతం లేని రైతు మీద మోపలేం.

ఖజానా భారం మాట కొట్టిపారేయదగింది కాదు. అందుకే పోస్టులన్నీ ఒక్కసారే నింపమని కోరడం లేదు. రాబోయే మూడేళ్ల విరమణలను కాలువల వారీగా లెక్కించి, ఏటా కొంత చొప్పున భర్తీ చేయాలి. జిల్లాల వారీ లెక్క ఇక్కడ పనికిరాదు. 2022 ఏప్రిల్ 4 నుంచి తెనాలి గుంటూరు జిల్లాలోనూ, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోనూ ఉన్నా, వాటికి నీరిచ్చే డెల్టా ఒక్కటే. దిగిపోయే లస్కరు వెంట కొత్త మనిషి కనీసం ఒక పంటకాలం తిరగాలి. ఆ కొద్ది నెలల అదనపు జీతం, ఒక్క గండి పడితే మునిగే పంట విలువ ముందు ఏపాటిది? జలవనరుల శాఖ ఖాళీల పట్టికతో పాటు రాబోయే విరమణల పట్టికనూ ఏటా ఏప్రిల్‌లోనే, కాలువలకు నీరు వదలకముందే ప్రకటించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి