కొరికే బాబుకు ఏ టానిక్కు?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ళు. ఆరు నెలల క్రితం మావారు పనికోసం బెంగుళూరు వెళ్ళారు. అప్పట్నుంచీ బాబు అంగన్‌వాడీలో తోటి పిల్లల్ని కొడుతున్నాడు, కొరుకుతున్నాడు. ఎందుకని అడిగితే నోరు విప్పడు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తాడు. దిష్టి తగిలిందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. ఇరుగుపొరుగువారు పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేశారు. మంచి టానిక్కు సూచించగలరు.
— ఒక సోదరి, గిద్దలూరు

జవాబు: టానిక్కు అక్కరలేదు. తాయెత్తు వుంటే వుండనివ్వండి, మెడకు మాత్రం వద్దు. ముందు ఒక సంగతి తేల్చుకోండి. వెనకనుంచి మెల్లగా పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? చెవులు సరిగా వినిపించని పిల్లలు కూడా ఇలాగే తోటివాళ్ళమీద పడుతుంటారు. అనుమానముంటే పరీక్ష చేయించండి.

వినికిడి బాగానే వుంటే, మీరు రాసినదాన్నిబట్టి ఇది నాన్నమీద బెంగ కావచ్చు. ఈ వయసులో బెంగ వుంటుంది గాని, దాన్ని చెప్పుకునే మాట వుండదు. మాట లేనిచోట పన్ను పనిచేస్తుంది. ఆ మాట నేర్పడానికి బొమ్మల పుస్తకం చక్కగా పనికొస్తుంది. తప్పు చేసింది తాను కాదు, బొమ్మలోని కోతిపిల్ల. కాబట్టి భయం లేకుండా మాట్లాడతాడు.

అమెరికాలో మారిస్ సెండక్ 1963లో ఇలాంటి పుస్తకం ఒకటి వేశాడు. అల్లరి చేసిన పిల్లవాణ్ణి తల్లి అన్నం పెట్టకుండా పడుకోమంటుంది. వాడు ఊహలో వింత మృగాల చోటికి పోయి, వాటికి రాజై, ఇల్లు గుర్తొచ్చి తిరిగొస్తాడు. భోజనం ఇంకా వేడిగానే వుంటుంది. నీతి ఒక్కటీ లేదు. మన పుస్తకాల్లో చివర నీతి తగిలించే అలవాటు ఎక్కువ. చదివేటప్పుడు ఆ వాక్యం వదిలేయండి.

నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయంలో తెలుగు పుస్తకాలున్నాయి. ప్రథమ్ బుక్స్‌వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. ఫోను మాత్రం మీ చేతిలో వుండాలి, పిల్లవాడు మీ ఒళ్ళో వుండాలి.

పడుకోబోయేముందు పది నిమిషాలు చాలు. బొమ్మ చూపి, "వీడి మొహం ఎలా వుంది?" అనండి. పలకకపోతే, "నాన్న కోసం బెంగపెట్టుకున్నాడేమో" అని మీరే అనండి. "నువ్వూ ఇంతే కదా!" అని పొడిచారంటే పుస్తకం మూసేస్తాడు. అదే కథ ఇరవైసార్లు అడిగినా విసుక్కోకండి.

పుస్తకం దొరికేదాకా పలక చాలు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం మీకు దగ్గరే. నవ్వు, ఏడుపు, కోపం, మూడు మొహాలు గీసి, ఈరోజు తనది ఏదో బలపంతో చూపమనండి. ఏడుపు మొహం చూపితే గబుక్కున చెరిపి నవ్వు మొహం వేయకండి.

కొరికినప్పుడు ముందు దెబ్బతిన్న బిడ్డను ఓదార్చండి. తర్వాత "నొప్పి పుడుతుంది, కొరకనివ్వను" అని ఊరుకోండి. నొప్పి తెలియాలని తిరిగి కొరికే పెద్దలున్నారు, ఆ పని చేయకండి. పొరుగింటి పిల్లల్లో ఒక్కరినే, అరగంటసేపు, వాళ్ళ అమ్మతో సహా పిలిచి ఇద్దరికీ ఒకే పుస్తకం చూపించండి.

నెల దాటినా మార్పు లేకపోయినా, వచ్చిన మాటలు పోయినా, తిండి మానినా, తనను తాను గాయపరచుకుంటున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. 2022లో మొదలైన టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా ఇస్తారు.

ఈ జవాబు మీవారికి చదివి వినిపించండి. ఎప్పుడొస్తారో బాబుకు ఆయనే నిజం చెప్పాలి. రోజూ ఒకే వేళకు ఫోను చేసి, ఒక కథ ఆయన కూడా చెప్పవచ్చు.