ఇల్లు అప్పగించారు సరే, హద్దులు చెప్పారా?

కంకిపాడు నుంచి బందరు రోడ్డు వెంట విజయవాడ వైపు వెళ్తుంటే ఈడుపుగల్లు, గంగూరు, పెనమలూరు, పోరంకి, కానూరు వరుసగా వస్తాయి. ఒకప్పుడు ఈ ఊళ్ళ మధ్య వరిచేలు కనిపించేవి. ఇప్పుడు మేడలు కనిపిస్తున్నాయి. గేట్లకు ‘టూలెట్’ బోర్డులు వేలాడుతున్నాయి. కళాశాలల్లో చదివేవారూ బోధించేవారూ, నగరంలో ఉద్యోగాలు చేసుకునేవారూ ఆ వాటాల్లో అద్దెకు ఉంటున్నారు. ఇళ్ళు కట్టిన వారిలో చాలామంది మాత్రం ఇక్కడ లేరు. కొందరు కువైట్‌లో, కొందరు సౌదీలో, మరికొందరు హైదరాబాదులో ఉన్నారు. అద్దె వసూలు చేసేది, మోటారు చెడిపోతే బాగు చేయించేది, ఖాళీ అయిన వాటాకు మనిషిని చూసేది వేరొకరు. ఆయన బంధువు కావచ్చు, స్నేహితుడు కావచ్చు, జీతానికి పెట్టుకున్న మేనేజరు కావచ్చు.

ఇటీవల ఒక సోదరుడు మమ్మల్ని ఇలా అడిగారు: “ఇంటి వ్యవహారం పూర్తిగా ఒకరికి వదిలేద్దామనుకుంటున్నాం. మనిషి నమాజీ, నమ్మకస్థుడు. ఇంకా హద్దులు పెడితే ఆయన్ని అనుమానించినట్లు అవుతుందేమో?” ఈ ప్రశ్న మమ్మల్ని చాలాసేపు మౌనంగా కూర్చోబెట్టింది. ఎందుకంటే ఒకప్పుడు అలాంటి ‘నమ్మకస్థుడి’ స్థానంలో మేమే ఉన్నాము. ఆ అమానత్‌ను మేము సరిగా మోయలేకపోయాము.

కొన్నేళ్ళ క్రితం, మా దగ్గర చదువుకొని కువైట్ వెళ్ళిన ఒక విద్యార్థి తన తల్లి ఉంటున్న ఇంటిపై మూడు వాటాలు కట్టించాడు. తిరిగి వెళ్ళేముందు తాళాలు మా చేతిలో పెట్టి, “అంతా మీ ఇష్టం హజ్రత్, లెక్క అడగను” అన్నాడు. ఆ మాట మాకు గౌరవంగా తోచింది. కాగితం వ్రాసుకోలేదు. అద్దె డబ్బు మా ఇంటి బీరువాలో, మా డబ్బు పక్కనే ఉండేది. అందులోనుంచే కరెంటు బిల్లు, ప్లంబరు కూలి, ఆ తల్లికి నెలనెలా ఇవ్వవలసినది ఇచ్చేవాళ్ళం. ఒక పైసా కూడా మా కోసం తీయాలన్న ఆలోచన మాకు లేదు, అల్లాహ్ సాక్షి.

రెండేళ్ళకు ఒక కుటుంబం ఖాళీ చేస్తూ అడ్వాన్సు తిరిగి ఇమ్మంది. వారు ముప్పై వేలన్నారు, మాకు ఇరవై వేలు గుర్తు. వారి దగ్గరా రసీదు లేదు, మా దగ్గరా లేదు. ఈ సంగతి విన్న ఆ తల్లి చాలా సంకోచిస్తూ, “మౌల్వీ సాబ్, మొన్న రంజాన్ నెల డబ్బు ఇచ్చారా? నాకే గుర్తులేదేమో!” అన్నారు. ఇచ్చామనే మా నమ్మకం. కాని చూపించడానికి ఏమీ లేదు. ఆ రాత్రి కూర్చొని గుర్తున్నదంతా కాగితం మీద పెడితే పదిహేడు వేల రూపాయలకు లెక్క తేలలేదు. ఆ మొత్తాన్నీ, అడ్వాన్సులో తేడా పడ్డ పదివేలనూ మా జీతంలోనుంచి విడతలుగా కట్టాము. విద్యార్థి ఫోనులో “అలా చేయకండి హజ్రత్” అని ఏడ్చాడు. కాని అప్పటినుంచి మా మధ్య మాటలు తగ్గాయి. ఖియానత్ జరగలేదు, అయినా అనుమానం మిగిలింది. అతను మమ్మల్ని నమ్మడం తప్పు కాదు. హద్దులూ లెక్కా లేకుండా నమ్మడం తప్పు. దానికి ఒప్పుకోవడం అంతకంటే పెద్ద తప్పు. అది మాది.

ఒకరి పనిని మరొకరికి అప్పగించడాన్ని షరీఅత్‌లో ‘వకాలత్’ అంటారు. దీనికి ఆధారంగా మన ఫుఖహాలు చూపిన వాటిలో సూరా కహఫ్‌లోని గుహవాసుల వృత్తాంతం ఒకటి. సుదీర్ఘ నిద్రనుంచి మేల్కొన్న ఆ యువకులు తమలో ఒకరిని వెండి నాణెంతో పట్టణానికి పంపారు. ఏం కొనాలో చెప్పారు: పరిశుద్ధమైన ఆహారం. ఎలా మెలగాలో చెప్పారు: సౌమ్యంగా. ఏం చేయకూడదో కూడా చెప్పారు: తమ ఆచూకీ ఎవరికీ తెలియనివ్వకూడదు. వారంతా ఒకరికొకరు ప్రాణమిచ్చే విశ్వాసులే. అయినా ఒక్క పూట భోజనానికి పంపినప్పుడు కూడా పనినీ పద్ధతినీ హద్దునూ స్పష్టంగా పలికారు. మూడు వాటాల ఇంటిని అప్పగించేటప్పుడు మనం ఒక్క మాటతో సరిపెట్టడం ఎంతవరకు సబబు?

అలాగని వకీలు చేతులు పూర్తిగా కట్టేయమని కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి)కి ఒక గొర్రె కొనమని ఒక దీనారు ఇచ్చారు. ఆయన దానితో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని ఒక దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ తెచ్చి ముందుంచారు. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం దుఆ చేశారు. తెలివైన వకీలు చొరవను ఇస్లాం మెచ్చుకుంటుంది. అయితే ఉర్వా (రజి) చేసిందంతా దాచకుండా యజమాని ముందుంచారన్నది గమనించాలి. అనుమతి మించి చేసిన ఒప్పందం యజమాని ఆమోదించాకే చెల్లుతుందని హనఫీ ఫుఖహాలు చెప్పారు.

మరి ఏది అప్పగించాలి, ఏది మన చేతిలో ఉంచుకోవాలి?

శ్రమతో కూడిన పనులు నిస్సంకోచంగా అప్పగించవచ్చు. వాటా చూపించడం, అద్దె వసూలు చేసి రసీదు ఇవ్వడం, ఇంటి పన్నూ కరెంటు బిల్లూ కట్టడం, ట్యాంకు కడిగించడం, చిన్న మరమ్మతులు చేయించడం ఇటువంటివి. మరమ్మతులకు మాత్రం ఒక మొత్తం నిర్ణయించాలి. అంతవరకు అడగనక్కరలేదు, దాటితే ఫోను చేయాలి. అర్ధరాత్రి పైపు పగిలితే, గోడ తడిసి కరెంటు షాకు కొడుతుంటే ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదు. ఆపదలో యజమానికి నష్టం కలగకుండా వివేకంతో చేసే పనికి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కూడా ఏజెంటుకు అధికారమిస్తోంది.

నిర్ణయాలను మాత్రం యజమానే తీసుకోవాలి. అద్దె ఎంత, ఎవరికి, ఎన్నాళ్ళకు, ఎప్పుడు పెంచాలి, ఎవరిని ఖాళీ చేయించాలి అన్నవి మేనేజరు సలహా ఇవ్వవలసిన విషయాలే గాని తేల్చవలసినవి కావు. ఈ జాగ్రత్త మన పెద్దలు వక్ఫ్ ఆస్తుల విషయంలో ఏనాడో నేర్పారు. వాకిఫ్ వేరే షరతు పెట్టనప్పుడు ముతవల్లీ వక్ఫ్ ఇంటిని ఒక సంవత్సరానికి, సేద్యపు భూమిని మూడు సంవత్సరాలకు మించి కౌలుకివ్వరాదని అనేకమంది హనఫీ ఉలమా తీర్పు చెప్పారు. ఏళ్ళ తరబడి ఒకరి చేతిలో ఉండిపోతే చూసేవారు ఆ ఆస్తి అతనిదే అనుకుంటారని, చివరికి వక్ఫే మరుగున పడుతుందని వారు చెప్పిన కారణం. మన దేశంలో ఏడాదికి మించిన కౌలుపత్రం 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు కావాలి. మన ప్రాంతంలో పదకొండు నెలల అగ్రిమెంటు వాడుకలోకి రావడానికి ఇదే మూలం. ఆ పదకొండు నెలలు నిండినప్పుడు కొత్త కాగితాన్ని యజమాని స్వయంగా చదివి ఒప్పుకోవాలి.

విదేశంలో ఉన్నవారు పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసేటప్పుడు అద్దె వ్యవహారానికే పరిమితం చేసి వ్రాయించాలి. డాక్యుమెంటు రైటరు దగ్గరున్న పాత నమూనా మీద కళ్ళు మూసుకొని సంతకం పెడితే, అమ్మే అధికారమూ తనఖా పెట్టే అధికారమూ అందులోనే దొర్లిపోవచ్చు. ప్రతి వాక్యం చదివించుకొని వినండి.

లెక్క అడగడం అవమానమని మనలో ఒక అపోహ ఉంది. సూరా బఖరా 282వ ఆయత్ చిన్నదైనా పెద్దదైనా బాకీని వ్రాసుకోవడానికి విసుగు చెందవద్దని, దానివల్ల అనుమానాలు తొలగుతాయని బోధిస్తోంది. జకాత్ వసూలుకు పంపిన ఒక వ్యక్తి తిరిగివచ్చినప్పుడు స్వయంగా దైవప్రవక్త (స) లెక్క చూశారు. ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందని అతను అంటే, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదేనా అని నిలదీశారు. మేనేజరుకు ప్లంబరు ఇచ్చే కమీషను, వాటా ఇప్పించినందుకు అద్దెకు దిగినవారు చాటుగా ఇచ్చే సొమ్ము ఈ కోవలోకే వస్తాయి. అందుకే అతని ప్రతిఫలం ఎంతో ముందే స్పష్టంగా చెప్పి, సమయానికి ఇవ్వాలి. ‘ఏదో చూసి ఇస్తాం’ అన్న మాట అతన్ని ప్రలోభంలోకి నెడుతుంది.

అద్దె నేరుగా యజమాని లేదా తల్లి బ్యాంకు ఖాతాలో పడే ఏర్పాటు చేసుకుంటే సగం చిక్కులు పోతాయి. అడ్వాన్సు మన ఆదాయం కాదు, అద్దెకున్నవారికి మనం తిరిగి తీర్చవలసిన బాకీ. దాన్ని విడిగా వ్రాసి ఉంచాలి. నిర్లక్ష్యం లేకుండా జరిగిన నష్టానికి వకీలును బాధ్యుణ్ణి చేయరాదని షరీఅత్ చెబుతోంది. అయితే నిర్లక్ష్యం లేదని తేలడానికి ఒక నోటు పుస్తకమైనా ఉండాలి కదా!

చివరగా, అద్దెకున్నవారి హక్కు. మేనేజరు కటువుగా మాట్లాడితే, రోగి ఉన్న ఇంటిని పది రోజుల్లో ఖాళీ చేయమంటే, వారు తిట్టుకునేది ఇంటి యజమానినే. కువైట్‌లో ఉన్నాను, నాకు తెలియదు అన్న జవాబు అల్లాహ్ సన్నిధిలో ఎంతవరకు నిలుస్తుంది? అందుకే ఏడాదికి రెండుసార్లయినా వారితో నేరుగా మాట్లాడండి. పేరు వినగానే ‘ఇల్లు ఖాళీ లేదు’ అనిపించుకొన్న అనుభవం మనలో చాలామందికి ఉంది. మన ఇంటి గేటు దగ్గర మన మేనేజరు మరొకరికి ఆ బాధ కలిగించకుండా చూసుకోవడం మన విధి. బెల్టు షాపుకు, పేకాటకు, బెట్టింగుకు ఇల్లు ఇవ్వరాదన్న మాట కూడా మొదటి రోజే చెప్పి ఉంచండి.

ప్రశ్న అడిగిన సోదరునికి మా జవాబు ఇది: ఆ నమాజీని నమ్మండి. ఆయన మీద గౌరవముంటే ఒక కాగితం వ్రాసి ఇవ్వండి, నెలకోసారి లెక్క చూడండి. ఆ కాగితం మీ ఆస్తి కంటే ముందు ఆయన పరువును కాపాడుతుంది.

మా విద్యార్థి కిందటేడు సెలవులో వచ్చాడు. మళ్ళీ తాళాలు ఇవ్వబోతే మేము ముందు ఒక నోటు పుస్తకం అడిగాము. అతను నవ్వి, పక్క కొట్టునుంచి కొనుక్కొచ్చాడు. మొదటి పేజీలో ఏ పని మాది, ఏ నిర్ణయం అతనిది అన్నది ఇద్దరమూ కలిసి వ్రాశాము. అతని తల్లి సాక్షి సంతకం పెట్టారు. అమానత్‌లను హక్కుదారులకు సరిగా చేరవేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.