డాబా మీది నుంచి వీడ్కోలు

‘గాల్లో సిగ్నల్స్ పట్టుకుంటే ఏమొస్తుంది?’ అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. మొన్న అమ్మ కూడా అడిగింది.

అక్కను శంషాబాద్‌లో దింపి వచ్చాం. నిద్ర పట్టలేదు. లాప్‌టాప్, చిన్న యూఎస్‌బీ రిసీవర్, యాంటెన్నా తీసుకుని డాబా ఎక్కాను. ప్రయాణికుల విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌లో తమ స్థానాన్ని సెకనుకు దాదాపు రెండుసార్లు చెబుతుంటాయి. ఎత్తు, వేగం, ఫ్లైట్ నంబరు కూడా. రహస్యమేం కాదు, అందినవాళ్లు వినొచ్చు.

అమ్మ వెనకే వచ్చింది. ‘‘ఫోన్లో యాప్ ఉందిగా, అందులో కనిపించదా?’’

‘‘అది ఎవరో విని మనకు చెప్పేదమ్మా. ఇది అక్క విమానం నుంచి నేరుగా మన డాబా మీదికే వస్తోంది.’’

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పది వేల అడుగులు... ఇరవై... ముప్ఫై. బీదర్ దాటాక సిగ్నల్ ఆగి ఆగి వచ్చింది. ఈ తరంగాలు దాదాపు సూటిగానే పోతాయి. మేడలు అడ్డొచ్చినా, భూమి వంపు అడ్డొచ్చినా అందవు. కాసేపటికి అంకెలు కదలడం మానేశాయి.

‘‘వెళ్లిపోయిందా?’’

‘‘మనకి అందనంత దూరం వెళ్లిందమ్మా.’’

ఎయిర్‌పోర్టులో గేటు దాకే సాగనంపగలిగాం. ఈ రిసీవర్ ఇంకో వంద కిలోమీటర్లు తోడు వెళ్లనిచ్చింది. ఏమొస్తుందంటే, ఇదే.