పరిమితిగల ‘అపరిమితము’

సెల్‌ఫోను కంపెనీలవారు నేడు దేశమున అమ్ముచున్న సరకులలో ‘అన్‌లిమిటెడ్’ అను పేరుగలదానికి చెల్లుబడి మెండుగ నున్నది. ఏ రీఛార్జి దుకాణము ముందు నిలిచినను ఈ మాట పెద్ద యక్షరములలో కానవచ్చును. దాని క్రింద, కంటద్దములు పెట్టుకొన్నవారికి మాత్రమే కనుపించునంత సన్నని యక్షరములలో, దినమునకు 1.5 జీబీ యనియో 2 జీబీ యనియో వేరొక మాట యుండును. పై మాట నిజమైనచో క్రింది మాట అసత్యము. క్రింది మాట నిజమైనచో పై మాట అసత్యము. రెండును నిజమని వాదించు సాహసము కంపెనీలవారికే చెల్లినది. మన తార్కికులు గగనకుసుమమును, కుందేటికొమ్మును ఉదాహరించి యూరకుండిరి. పరిమితిగల అపరిమితము పాపము వారికి తట్టలేదు.

ఇందులకు కంపెనీలు చెప్పు సమాధానము వినదగినది. పరిమితి ముగిసిన పిమ్మట డేటా నిలిచిపోదట. వేగము మాత్రము తగ్గునట. కావున అది అపరిమితమే యట! తగ్గిన వేగమెంత? పెక్కు ప్లానులలో సెకనుకు 64 కిలోబిట్లు. లెక్క వేసి చూతము. ఈ వేగమున ఒక్క జీబీ దిగుటకు దాదాపు 35 గంటలు పట్టును. దినమునకున్నవి 24 గంటలే గదా! సెకనుకు 2 మెగాబిట్ల వేగమైనను లేనిదానిని బ్రాడ్‌బ్యాండు అనరాదని కేంద్రప్రభుత్వము 2023 జనవరిలో నిర్ణయించినది. 64 కిలోబిట్లనగా అందులో ముప్పదియొకటవ వంతు. ఇంటికి తీగద్వారా వచ్చు ఇంటర్నెట్టు విషయమున, పరిమితి దాటిన పిదపకూడ వేగము 512 కిలోబిట్లకు తగ్గరాదని ట్రాయి సంస్థవారు 2016లోనే ఆదేశించిరి. సెల్‌ఫోనువానికి అట్టి రక్షణ యేల లేదు? తీగ వేయించుకొనగలవాడు కలిగినవాడు. ఫోనొక్కటే యాధారమైనవాడు లేనివాడు. రక్షణ మాత్రము కలిగినవానికే దక్కినది.

ఇది సినిమాలు చూచు విలాసపురుషుల గోడు గదా యని కొందఱు నవ్వవచ్చును. 2020లో బడులు మూతపడి పాఠములన్నియు ఫోనులోనికి వచ్చిన దినములను వారు మఱచినట్లున్నారు. ఒక్క ఫోను, ఇద్దఱు పిల్లలు గల ఇంట పెద్దదాని పాఠముతో నాటి డేటా ముగిసినచో చిన్నవానికి పాఠము లేదు. నేడు ఉద్యోగమునకు దరఖాస్తు, పరీక్షకు హాల్‌టికెట్టు, కళాశాలలో సీటునకు కౌన్సెలింగు, సమస్తమును ఫోనునందే. గడువు దినమున రాత్రి పదిగంటలకు సర్టిఫికేటు పంపగోరి, తెరపై తిరుగు చక్రమును చూచుచు కూర్చున్న బీదవిద్యార్థికి 64 కిలోబిట్ల అపరిమితము దేనికి? అదనపు డేటా కొనుమను సందేశము మాత్రము ఆ వేగముననే చక్కగ వచ్చి చేరును!

వాడక మిగిలినదాని మాట యేమి? పెక్కు ప్లానులలో సోమవారమునాటి మిగులు అర్ధరాత్రికి హరించిపోవును. మంగళవారము చాలకపోయినచో మరల సొమ్ము కట్టవలయును. మిగిలినది వారిది, చాలనిది మనది. నెలయనగా 28 దినములని ఏర్పఱచి యేడాదికి పదుమూడు మారులు రాబట్టిన చమత్కారమును ఈ పద్దులోనిదే. కనీసమొక 30 దినముల ప్లానైనను ఉంచవలయునని ట్రాయివారు 2022 జనవరిలో ఉత్తరువు చేయవలసివచ్చినది.

మేము పరిమితిని నిందించుట లేదు. గాలిలోని తరంగములు మితములు; ఒక టవరు క్రిందివారందఱు వానిని పంచుకొనవలసినదే. 2016 సెప్టెంబరులో జియో వచ్చినతోడనే డేటా ధరలు దిగివచ్చినమాట నిజము. ఆ జియోయే తొలుత ఉచితముగ దినమునకు 4 జీబీ యిచ్చి, 2017 జనవరిలో 1 జీబీకి తగ్గించినది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడును ధరలు పెంచినవి. అపరిమిత 5జీ యనునది దినమునకు 2 జీబీ, అంతకు మించిన ప్లానులవారికే యని జియోయు ఎయిర్‌టెలును కట్టడి చేసినవి. తగ్గింపుడు, పెంపుడు, అది మీ వర్తకము. 2 జీబీ సరకును 2 జీబీ యను పేరుతో అమ్ముడు, ఎవరు వలదనిరి?

ఇక చట్టము. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము క్రింద ఏర్పడిన కేంద్రప్రాధికారసంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించు ప్రకటనలను గూర్చి నియమములు వెలువరించినది. వివరణ యనునది ప్రధాన వాగ్దానమునకు విరుద్ధముగ నుండరాదనియు, మాటలకు నిఘంటువునందలి యర్థమును మార్చరాదనియు, వాగ్దానమున్న భాషలోనే, అట్టి యక్షరములలోనే యుండవలెననియు అందు గలదు. ‘అన్‌లిమిటెడ్’ అనుటకు దినమునకు 1.5 జీబీ యని యర్థము ఏ నిఘంటువున గలదో కంపెనీల వకీళ్లు చూపుదురు గాక. మేమును ఆ వృత్తిలోనివారమే. ఈ వ్యాజ్యెమున ప్రతివాదులపక్షమున వకాలతు పుచ్చుకొనుటకు మాకు ధైర్యము చాలదు.

అమెరికాలో ఈ తగవు కోర్టుకెక్కినది. అపరిమిత ప్లాను కొన్నవారి వేగమును ఏటీ అండ్ టీ కంపెనీ 2011 నుండి కోసివేయుచున్నదని ఫెడరల్ ట్రేడ్ కమిషను 2014లో దావా వేసినది. 2019లో ఆ కంపెనీ 6 కోట్ల డాలర్లు చెల్లించుటకును, ఇకపై ఆంక్షలను సన్నని యక్షరములలో దాచకుండుటకును సమ్మతించి రాజీపడినది. 2018లో కాలిఫోర్నియా అడవులు తగులబడుచుండగా శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపకదళమువారి ‘అపరిమిత’ డేటా వేగమును వెరైజన్ కంపెనీ తగ్గించి, మొఱపెట్టుకొన్నవారిని హెచ్చుధర ప్లానునకు మారుమన్నది. తప్పు జరిగినదని పిమ్మట ఆ కంపెనీయే యొప్పుకొనినది.

ఇచట దారి లేకపోలేదు. తప్పుదారి పట్టించు ప్రకటనపై జిల్లా కలెక్టరునకుగాని కేంద్రప్రాధికారసంస్థకుగాని వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయుహక్కు ఆ చట్టము 17వ సెక్షను క్రింద ఎల్లరకును గలదు. తప్పు రుజువైనచో మొదటి మారు 10 లక్షల రూపాయలవఱకు జరిమానా. టెలికాము తగవులను వినియోగదారుల కమిషనులు విచారింపవచ్చునని సుప్రీముకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చినది. 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించుకొనుటకు వకీలును అక్కఱలేదు. ప్రతి పఠనాలయమునుండియు పదేసి ఫిర్యాదులైన పోవలయును. ప్రకటనను ఫొటో తీసి జతపఱచునప్పుడు సన్నని యక్షరములు స్పష్టముగ పడినవో లేదో చూచుకొనుడు.