విద్యుత్తు నిల్వకు కరణము

సోమశిల జలాశయమున పెన్నానీరు 78 టీ.ఎం.సీ.ల వఱకు నిలుచును. ఎంత నీరున్నదో యెఱుగ గోరువారు గట్టునగల కొలబద్దను చూచిన చాలును. పగటి యెండనుండి పుట్టిన విద్యుత్తును రాత్రికై దాచు పెద్ద బ్యాటరీలకు అట్టి కొలబద్ద లేదు. నేడు విరివిగా వాడబడు లిథియం ఇనుప ఫాస్ఫేటు ఘటమున నిల్వ సగమునకు తఱిగినను వోల్టేజి స్వల్పముగనే మాఱును. కావున సాఫ్ట్‌వేరే కరణమై, వచ్చినదియు పోయినదియు క్షణక్షణము వ్రాసికొని శేషమును తేల్చును. ఘటముల వేడిని కనిపెట్టుచుండును. అయితే కొలతయందలి యణుమాత్రపు తప్పు దినదినము పేరుకొనును. అప్పుడప్పుడు బ్యాటరీని నిండుగ నింపి లెక్క సరిచూడనిచో, దీపములు పెట్టు వేళకు విద్యుత్తు లెక్కలోనే మిగులును.

ఇంతకంటె పెద్ద ముప్పు కలదు. 2019 ఏప్రిల్ 19న అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున నిట్టి నిలయమొకదానియందు ఘటములు వేడెక్కి, వాయువులు కూడుకొని, తలుపు తెఱచిన పిమ్మట ప్రేలగా అగ్నిమాపకులు గాయపడిరి. లోపలి స్థితి వెలుపలివారికి తెలియు మార్గము లేకపోయెను.

మన దేశమున ఆ 2019లోనే ఢిల్లీ రోహిణియందు 10 మెగావాట్ల నిలయము ప్రారంభమయ్యెను. మన రాష్ట్రమును ఆ త్రోవనే పట్టినది. యంత్రమును కొనుటతో పని తీరదని నా యభిప్రాయము. ఆ యంకెలు నిలయపు కావలివానికిని, అగ్నిమాపక దళమునకును వెలుపలినుండియే కనబడవలెను. వానిని చదివి తప్పు పట్టగల నేర్పు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పిల్లలకే కలుగవలెను. విద్యార్థులారా! భౌతికశాస్త్రమును, గణితమును పరీక్షకొఱకు మాత్రమే చదువకుడు. రేపు ఈ కరణపు లెక్కను సరిచూడవలసినవారు మీరే.