బోరు లెక్కలో సముద్రం

మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకి లోతంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో బోరు బండి పక్కన నిలబడి, ఒక్కో రాడ్డు దిగుతుంటే లెక్కపెట్టినవాళ్లం. ఐదొందల అడుగులు, ఎనిమిదొందలు, వెయ్యి... దుమ్మే తప్ప తడి లేదు. డబ్బులు మాత్రం అడుక్కింతని కట్టాల్సిందే. అందుకే ఈసారి సముద్రం లోతుని కూడా బోరు లెక్కలోనే చెప్తా.

మొదటి 650 అడుగులు, అంటే 200 మీటర్లు, ఎండ బాగా అందే పొర. నాచు పెరిగేది, మనం తినే చేపల్లో ఎక్కువ భాగం తిరిగేది ఇక్కడే. మన వెయ్యి అడుగుల బోరు దీన్ని దాటి రెండో పొరలోకి, మసక వెలుతురులోకి వెళ్తుంది. అది 3,300 అడుగుల దాకా ఉంటుంది. అక్కడుండే లాంతరు చేపల్లో చాలా రకాలు చీకటి పడగానే మేతకి పైకొచ్చి, తెల్లారేలోపు దిగిపోతాయి. పనికోసం హైదరాబాద్ బస్సెక్కే ఊళ్లు మనవి, వలస మనకి కొత్త కాదు. కానీ ఇది రోజూ రానూపోనూ! భూమ్మీద ఇంతకన్నా పెద్ద వలస లేదు.

ఆ కింద ఎండ అన్నదే లేదు. కనబడే వెలుగల్లా జీవులు ఒంట్లో పుట్టించుకునేదే. 13,000 అడుగుల దాకా ఒక పొర, 20,000 దాకా ఇంకోటి, ఆపైన అగాధాలు. 6,000 మీటర్ల దగ్గర మీ గోరంత చోట దాదాపు 600 కిలోల బరువు పడుతుంది. అయినా 2022లో జపాన్ దగ్గర 8,336 మీటర్ల లోతున ఒక చేప ఈదుతూ కెమెరాకి చిక్కింది. మన లెక్కలో 27 బోర్లు ఒకదాని కింద ఒకటి!

అంత లోతున తిండెక్కడిది? చాలావరకు పైనుంచి రాలాల్సిందే. చచ్చిన జీవుల ముక్కలు, మలం, సన్నటి మట్టి వారాల తరబడి మంచులా కురుస్తూ దిగుతాయి. ఎవరూ తినకుండా మిగిలింది అడుగున బురదవుతుంది.

బురద అనగానే మన పలక గుర్తొస్తుంది నాకు. వంద కోట్ల ఏళ్లకు ముందే ఇక్కడ సముద్రం ఉండేది. అలలు కెలకని చోట పేరుకున్న దాని బురదే, భూమి లోపల నలిగి, గట్టిపడి, పొరలుగా విడిపోయే మార్కాపురం రాయి అయింది. అప్పటికింకా చేప పుట్టలేదు, ఉన్నవి దాదాపు అన్నీ కంటికి ఆనని జీవులే. అంటే మన తాతలు అఆలు దిద్దింది సముద్రం అడుగు మీద!

ఇప్పుడు క్వారీ కన్ను అసలు సముద్రం అడుగు మీదే పడింది. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లలో ఖనిజాలు వెతుక్కునే హక్కు 2002 నుంచి మనదేశానికి ఉంది. అక్కడ బంగాళాదుంపల్లాంటి ముద్దలు పరుచుకుని ఉంటాయి. వాటిలో మాంగనీస్, నికెల్, రాగి, కోబాల్ట్. కోబాల్ట్ అంటే ఫోన్ బ్యాటరీల్లో వాడేది, బహుశా మీ చేతిలో ఉన్నదాంట్లో కూడా. కాబట్టి వద్దు అనడం నాకూ తేలిక కాదు. కానీ ఆ ముద్ద కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్లు కావాలి. చుట్టూ మెత్తటి బురదే కాబట్టి స్పాంజ్‌లు, పవడాలు అతుక్కోవడానికి గట్టి చోటు అదొక్కటే. పసిఫిక్‌లో ఒకరకం ఆక్టోపస్ గుడ్లు పెట్టేది ఆ స్పాంజ్ కాడలకే.

1989లో పెరూ తీరానికి దూరంగా, 4,000 మీటర్ల లోతున శాస్త్రవేత్తలు ఆ అడుగుని దున్ని చూశారు. 26 ఏళ్ల తర్వాత వెళ్తే సాళ్లు సాళ్లుగానే ఉన్నాయి. మార్కాపురం క్వారీల పక్కన ముక్కరాయి గుట్టలు చూసినవాళ్లకి ఇదేం వింత కాదు. కాకపోతే మన గుట్టలు రోడ్డు మీదికి కనబడతాయి.

చెన్నైలోని ఎన్‌ఐఓటీ ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్లకి దించే మత్స్య-6000ని తయారు చేస్తోంది. 2025 మొదట్లో దాన్ని ఓడరేవు నీళ్లలో పరీక్షించారు. అది అడుక్కి దిగిన రోజు మొదటి వీడియోలో నేను చూసేది ముద్దల్ని కాదు, వాటి మీద ఎవరు కాపురముంటున్నారో.