నడిమి మెట్టు



పోయిన నెల మన సంఘం కార్యవర్గ సమావేశంలో మేము ఒక మాట అన్నాము. ఆదివారం తెలుగు తరగతుల్లో రెండవ సంవత్సరం తరగతికి నలుగురే పిల్లలు వస్తున్నారు గనుక దానిని నిలిపివేసి, అక్షరాలు నేర్పే మొదటి తరగతిని మాత్రం ఉంచుదామని ప్రతిపాదించినది మేమే. జమాఖర్చులు చూసే అలవాటున్న వాళ్ళం గనుక, నలుగురి కోసం ఒక గది, ఒక పంతులుగారు, కరెంటు ఖర్చు దండగ అనిపించింది. విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. ఈలోగా మా అభిప్రాయం మారింది. మార్చినది తెలుగు కాదు, గ్రీకు. అదెలాగో ఈ నెల మనవి చేస్తాము.

మేము ప్రాచీన గ్రీకు చదువుతున్నామన్న సంగతి ఇంతవరకు ఇంట్లో వారికి తప్ప ఎవరికీ తెలియదు. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి, ఇరవై ఏళ్ళకు పైగా ఆఫీసులో ఫైళ్ళు కట్టిన గుమాస్తాకు నలభై దాటిన తరువాత ఇదేమి పిచ్చి అని నవ్వేవారు నవ్వవచ్చు. మా ఇంటావిడ అందరికంటె ముందే నవ్వింది. "ఆ కష్టమేదో డిపార్ట్‌మెంటు పరీక్షకు పడితే నాలుగు రూపాయలు జీతం పెరిగేది కదండీ" అన్నది. ఆ మాటకు మా వద్ద ఇప్పటికీ జవాబు లేదు.

మా వీధిలో ఒక వృద్ధ పాదిరిగారు ఉన్నారు. కోలారు వైపు తెలుగువారు. ఒక వేదాంత కళాశాలలో చాలా కాలం గ్రీకు బోధించి విశ్రాంతి తీసుకున్నారు. చూపు బాగా మందగించినందువల్ల సాయంకాలాల్లో వెళ్ళి దినపత్రిక చదివి వినిపించేవాళ్ళం. ఒకనాడు బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకంలోని అక్షరాలేమిటని అడిగాము. "ఇరవై నాలుగే నాయనా, మన అక్షరాల్లో సగం కూడా లేవు" అన్నారు. ఆ మాట నమ్మి దిగాము.

మొదటి సంవత్సరం సుఖంగానే గడిచింది. గ్రీకులో థీటా, ఫీ, ఖీ అని మూడు అక్షరాలున్నాయి. పూర్వం ఏథెన్సువారు వాటిని ఒత్తి పలికేవారు. ఇంగ్లీషువారికి అది ప్రయాస. మనకు థ, ఫ, ఖ వర్ణమాలలోనే ఉన్నాయి, నోటితో పలికేటప్పుడు మనం ఎగ్గొడతామన్నది వేరే మాట. ఇక సంస్కృతం రవంత తెలిసిన వారికి పండుగే. మన 'అస్తి' అక్కడ 'ఎస్తి'. మన 'దదామి' అక్కడ 'దిదోమి'. 'సప్త' అక్కడ 'హెప్త', 'పితా' అక్కడ 'పతేర్'. ద్వివచనం ఉంది, ఆత్మనేపదం వంటిది కూడా ఉంది. ఈ చుట్టరికం సంగతి సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో చెప్పాడు. మన తెలుగు మాత్రం ఆ కుటుంబంలోనిది కాదనీ, తమిళ కన్నడాలకు తోబుట్టువు అనీ 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర నిరూపించాడు. సంస్కృతం ద్వారా పరిచయమే గాని తెలుగుకు గ్రీకుతో రక్తసంబంధం లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత అవసరం పడుతుంది.

ఏడాదికి వ్యాకరణ పుస్తకం పూర్తయింది. అప్పుడు అయ్యగారు క్సెనొఫోన్ వ్రాసిన 'అనాబసిస్' చేతిలో పెట్టారు. వ్యాకరణం ముగించిన విద్యార్థులకు చాలా కాలంగా ఈ పుస్తకమే మొదట ఇస్తున్నారు. క్రీ.పూ. 401లో పారశీక రాజకుమారుడు సైరస్ తన అన్న మీద తిరుగుబాటు చేసి, పదివేలకు పైగా గ్రీకు సైనికులను జీతానికి పెట్టుకున్నాడు. బాబిలోను సమీపాన జరిగిన యుద్ధంలో అతడు మరణించాడు. ఆ తరువాత సంధి మాటల కోసమని పిలిచి గ్రీకు సేనానులను మోసంతో పట్టి చంపారు. నాయకులు లేక, దారి తెలియక, పరదేశంలో చిక్కుకున్న ఆ సైన్యం కొండలూ మంచూ దాటి సముద్రతీరం చేరుకున్న కథ అది. క్సెనొఫోన్ ఆ సైన్యంలో ఒకడు.

కథ ఇంత బాగున్నా పుట తెరుచుకోలేదు. మొదటి పేరా మాకు నాలుగు సాయంకాలాలు పట్టింది. ప్రతి మాటా ఎక్కడో చూసినట్లే ఉంటుంది, వాక్యం మాత్రం అర్థం కాదు. గ్రీకు క్రియ ఒక్కొక్కదానికి ఆరు మూలరూపాలు కంఠస్థం చేయాలి. 'చూస్తున్నాను' అనడానికి 'హొరావో', 'చూశాను' అనడానికి 'ఎయ్‌దోన్'. ఒకదానికి మరొకటి పోలికే లేదు. మన పిల్లలు 'వచ్చాడు' నేర్చుకుని, 'వచ్చలేదు' అని తప్పు పలికినప్పుడు మేము నవ్విన నవ్వులన్నీ ఆ వారంలో మాకు తిరిగి వచ్చాయి.

ఇంతకు మునుపటి మెట్టు మీద ఉన్నవాడికి ఉత్సాహం ఉంటుంది, రోజుకొక కొత్త సంగతి తెలుస్తుంది గనుక. పై మెట్టు ఎక్కినవాడికి చదివే ఆనందం ఉంటుంది. నడిమి మెట్టు మీద ఈ రెండూ లేవు. అక్కడే మనుషులు మానివేస్తారు. నిఘంటువులు చేసేవారికి కూడా ఈ సంగతి తెలుసు. ఆక్స్‌ఫర్డులో లిడ్డెల్, స్కాట్ అనే ఇద్దరు 1843లో పెద్ద గ్రీకు నిఘంటువు వేశారు. తరువాత 1889లో మధ్యస్థాయి వారికోసం వేరే ఒకటి వచ్చింది. విద్యార్థులు దానిని 'నడిమి లిడ్డెల్' అంటారు. ఆ లిడ్డెల్‌గారి కూతురే 'ఆలిస్' కథలకు కారణమైన ఆలిస్.

ఈ రోజుల్లో నిఘంటువు తిప్పే పని కూడా లేదు. ఫోనులో గ్రంథం తెరిచి మాట మీద వేలు పెడితే, ఏ క్రియ, ఏ కాలం, ఏ వచనం అంతా చెప్పేస్తుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారి 'పెర్సియస్' గ్రంథాలయంలో ఇదంతా ఉచితం. మేము నెల రోజులు అలాగే చదివాము. చాలా పుటలు గడిచాయి. అయ్యగారు ఒకనాడు నిన్న చదివిన పేరానే చదవమన్నారు. ఫోను జేబులో ఉంది. ఒక్క వాక్యం చెప్పలేకపోయాము. చదివింది వేలే గాని మేము కాదు.

అప్పుడు అయ్యగారు అడిగారు: "నాయనా, నువ్వు దీన్ని ఏ భాషలో అర్థం చేసుకుంటున్నావు?"

"ఇంగ్లీషులోనండి. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కదండి."

"ఇంగ్లీషు పక్కన పెట్టు. తెలుగులో చెప్పు."

ఇక్కడే మాకు తాళంచెవి దొరికింది. గ్రీకువాడు నాలుగు పనులు చెప్పదలచుకుంటే నాలుగు క్రియలు వరుసగా వ్రాయడు. మొదటి మూడింటిని క్రియావిశేషణం వంటి రూపంలో పెట్టి, చివరి దానిని మాత్రం పూర్తి క్రియగా వ్రాస్తాడు. ఇంగ్లీషు వ్యాకరణం దీనికి పేజీలకు పేజీలు వివరణ ఇస్తుంది. మనకు అది నిత్యం నోట్లో ఉన్నదే: 'లేచి, భోంచేసి, ఏరు దాటి, ఊరు చేరారు.' ఇంగ్లీషు పిల్లవాడు దానిని విడగొట్టి మళ్ళీ అతుక్కోవాలి. మనం ఉన్నది ఉన్నట్లు చెప్పుకుంటే చాలు. తేడా ఒకటున్నది: మన 'లేచి' ఎవరు లేచినా మారదు, గ్రీకులో లేచినవారి లింగ వచన విభక్తులను బట్టి మారుతుంది. కర్త వేరైనప్పుడు గ్రీకువారు మరొక పద్ధతి వాడతారు, సంస్కృతంలో సతి సప్తమి వంటిది. దానికి మన 'గా' ఉంది: 'రాజు పడిపోగా సైన్యం చెదిరింది.'

గ్రీకులో 'మెన్', 'దె' అని రెండు చిన్న మాటలు పుటకు పదిసార్లు వస్తాయి. ఇంగ్లీషు పుస్తకాలు వాటికి బారెడు అర్థం వ్రాసి, అనువదించకుండా వదిలివేయడమే మేలంటాయి. మనకు వదిలివేయనక్కర లేదు: 'అన్నేమో పొలానికి పోయాడు, తమ్ముడేమో పట్నానికి పోయాడు.' ఆ 'ఏమో'లే అవి. 'గె' అనేది మన 'మాత్రం'. సైన్యం ఆగే చోటును 'స్తథ్మొస్' అంటారు. దానికి మన మజిలీ అన్న మాట అతికినట్లు సరిపోతుంది. ఇన్ని మజిలీలు, ఇన్ని పరసంగులు నడిచారని క్సెనొఫోన్ మాటిమాటికీ వ్రాస్తాడు. మొదట విసుగనిపించిన ఆ పునరుక్తే తరువాత మాకు పాఠమైంది. రక్తసంబంధం లేని తెలుగు దారి చూపింది, ఆఫీసులో అన్నం పెట్టే ఇంగ్లీషు అడ్డం నిలిచింది.

ఆనాటి నుండి మా పద్ధతి ఇది. రోజుకు ఎనిమిది పంక్తులు. మొదట నిఘంటువు లేకుండా పైకి చదవడం. తరువాత తెలియని మాటలు చూడడం. ఆపైన నోటితో తెలుగులో చెప్పడం. మరునాడు కొత్త పాఠానికి ముందు నిన్నటిదే మళ్ళీ చదవడం. అన్నిటికంటె ఎక్కువ మేలు చేసింది చివరిదే.

ఇటువంటి పని మనకంటె ముందు చేసినవారున్నారు. అశోకుని శాసనాలు మన కర్ణాటకలో మస్కిలోనూ, కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ప్రాకృతంలో ఉన్నాయి. 1958లో కాందహారులో అదే చక్రవర్తి శాసనం గ్రీకులోనూ, అరమాయికులోనూ చెక్కినది బయటపడింది. 'ధర్మం' అనే మాటను గ్రీకులో 'యూసెబియా' అని పెట్టారు, అనగా భక్తి. ఆ మాట కోసం వెతుక్కున్నవాడు మా వంటి రెండు భాషల గుమాస్తాయే అయి ఉంటాడని మా ఊహ.

పోయిన వారం నాలుగవ భాగంలో ఒక ఘట్టానికి వచ్చాము. సైన్యం థేఖెస్ అనే కొండ ఎక్కుతున్నది. ముందున్నవారు కేకలు వేస్తున్నారు. వెనుక ఉన్న క్సెనొఫోన్ శత్రువులు మీద పడ్డారనుకుని గుర్రమెక్కి పరుగెత్తాడు. దగ్గరకు వచ్చిన కొద్దీ మాట తెలిసింది: వారికి సముద్రం కనిపించింది. సముద్రం కనబడితే గ్రీకువాడికి ఇల్లు కనబడినట్లే. సైనికులు, సేనానులు ఒకరినొకరు కౌగలించుకుని ఏడ్చారు. రాళ్ళు తెచ్చి పెద్ద గుట్ట పేర్చారు. ఆ పేరా మేము ఆగకుండా చదివి, ఆగకుండా తెలుగులో చెప్పాము. చదువుతున్నామన్న సంగతి కూడా మరచిపోయాము. అయ్యగారు కాసేపు మాట్లాడలేదు. "ఆ పేజీ నేను కంటితో చూసి చాలా ఏళ్ళయింది నాయనా, ఇంకోసారి చదువు" అన్నారు. చదివాము.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి సినిమా పోస్టరు మీద తెలుగు పేరు కూడబలుక్కుంటున్నది. దానికి అక్షరాలు వచ్చు, మాట వచ్చు. పుట చదవడం రాదు. కిందటేడు రెండవ తరగతి మానేస్తానంటే, బడిలో కన్నడం, ఇంగ్లీషు, హిందీ చాలవా అని "పోనీలే" అన్నది మేమే. మా అమ్మగారు వ్రాసిన ఉత్తరాలు పెట్టెలో ఉన్నాయి. తనను మొదటిసారి చూసి వెళ్ళినప్పుడు మామ్మ ఏమి వ్రాసిందో ఆ పిల్ల తనంతట తాను చదువుకోలేదు. రెండున్నర వేల ఏళ్ళ నాటి పరదేశి ఉత్తరం చదవడానికి మేము తంటాలు పడుతున్నాము.

కనుక మా ప్రతిపాదనను వెనక్కు తీసుకుంటున్నాము. మొదటి తరగతి లేకపోయినా పిల్లలు అక్షరాలు ఇంట్లో నేర్చుకోగలరు. రెండవది లేకపోతే నడిమి మెట్టు మీద చేయి అందించేవారుండరు. ఈ ఆదివారం నుండి సాయంకాలం నాలుగు గంటలకు మేము కూడా ఆ తరగతిలో కూర్చుంటాము, పంతులుగా కాదు, పక్కన కూర్చుని ఎనిమిది పంక్తులు చదివించేవారిగా. కరెంటు ఖర్చు మా లెక్కలో వ్రాయవచ్చు. మా అమ్మాయి వస్తానన్నది, ఆ ఉత్తరాలే పాఠంగా పెడితే. మీ పిల్లల్లో ఎవరైనా మధ్యలో మానివేసి ఉంటే పంపించండి. నలుగురు అయిదుగురయ్యారు, ఆరవవారి కోసం చూస్తుంటాము.